ఆదివాసీ మూలికా విజ్ఞానం: వేదికపై గౌరవం, అడవిలో రక్షణ

ఏటా ఆగస్టు 9న మన విశ్వవిద్యాలయాలలో ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలు జరుగుతుంటాయి. వేదికపై థింసా, గుస్సాడి నృత్యాలు. ఆవరణలో తేనె, ఇప్పపువ్వు, వనమూలికల ప్రదర్శనలు కనులపండువగా ఉంటాయి. ఐక్యరాజ్య సమితి 1994లో ఈ దినాన్ని ప్రకటించింది. విజయనగరం జిల్లాలోను, ములుగులోను కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయాలు ఏర్పడిన పిమ్మట ఇటువంటి సభల ప్రాముఖ్యం మరింత పెరిగింది. ఇది సంతోషించదగిన పరిణామం. అయితే మూలికల బల్ల వద్ద నిలిచి వేరు కొనే మనం రెండు ప్రశ్నలు వేసుకొనవలెను. ఈ వేరు తీసిన చోట మొక్క మిగిలినదా? తీసినవారికి తగిన ప్రతిఫలం దక్కినదా?

శాస్త్రం ఏమంటున్నది?

వనవాసుల జ్ఞానాన్ని గౌరవించడం ఆయుర్వేదానికి క్రొత్త కాదు. మేకల, గొర్రెల, గోవుల కాపరులు, వనవాసులు ఓషధులను నామరూపాలతో ఎరిగినవారని చరక సంహిత సూత్రస్థానం ప్రథమాధ్యాయంలోనే చెప్పబడినది. దేశకాలాలను, రోగి ప్రకృతిని అనుసరించి వాటిని ప్రయోగించడం వైద్యుని వంతు. కల్పస్థానంలో సేకరణకు ఋతునియమం కూడ గలదు. వేళ్లను గ్రీష్మంలో గాని, శిశిరంలో గాని తీయవలెను. ఓషధిని ఇష్టం వచ్చినపుడు, ఇష్టం వచ్చినంత పెకలించే పద్ధతి మన శాస్త్రంలో లేదు.

నన్నారి కథ

వేసవిలో మన ఇండ్లలో త్రాగే నన్నారి షర్బత్తునే తీసుకుందాం. సంస్కృతంలో సారివా అనబడే సుగంధిపాల చలువ చేసేది. దాహాన్ని, మూత్రపు మంటను శమింపజేస్తుంది. ఇదే పరిమళం గల మరొక తీగ మారెడు కొమ్ములు. దీని వేళ్లు లావుగా ఉంటాయి కనుక వ్యాపారులకు అనుకూలం. రాయలసీమ కొండలలో దీనిని త్రవ్వి తెస్తారు. నేడు ఈ జాతి అంతరించే ప్రమాదంలో ఉన్న మొక్కగా అంతర్జాతీయ జాబితాలో నమోదైనది. కారణం స్పష్టమే. ఆకు కోస్తే తిరిగి చిగురిస్తుంది. వేరంతా పెకలిస్తే ఆ తీగ అంతటితో సమాప్తం. దశమూలాలలోని బిల్వ, పాటల వంటి వృక్షాలకు కూడ ఇదే వర్తిస్తుంది.

కాణి తెగ ఇచ్చిన పాఠం

కేరళలోని అగస్త్యమలై అడవులలో 1987లో శాస్త్రజ్ఞులు పర్యటించినపుడు, దారి చూపిన కాణి తెగవారు ఒక చిన్న మొక్క కాయలు తింటూ అలసట లేకుండ నడిచారు. అదే ఆరోగ్యపచ్చ. దాని ఆధారంగా ‘జీవని’ అనే ఔషధం తయారైనది. తయారీ హక్కు ఇచ్చినందుకు వచ్చిన 10 లక్షల రూపాయలలోను, 2 శాతం రాయల్టీలోను సగభాగం కాణి తెగవారికి కేటాయించారు. ఇది ఆదర్శప్రాయమైన ఏర్పాటు. కాని అడవిలో మొక్క తరిగిపోతుందన్న భయంతో అటవీశాఖ అభ్యంతరం చెప్పగా ఆకు దొరకడం కష్టమైనది. ప్రతిఫలం ఎంత అవసరమో, పెంపకం కూడ అంతే అవసరమని దీనివలన తెలియుచున్నది. 2007లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన ఆదివాసీ హక్కుల ప్రకటనలోని 24వ అధికరణం సంప్రదాయ వైద్యంతో పాటు ఓషధుల పరిరక్షణను కూడ వారి హక్కుగా పేర్కొన్నది.

గృహస్థులు చేయదగినవి

1. సుగంధిపాలను కంచె వద్ద గాని, పెద్ద కుండీలో గాని పెంచవచ్చును. తీగ ముక్కతోను, వేరు ముక్కతోను నాటుకుంటుంది. తీసేటపుడు ప్రక్కవేళ్లు మాత్రమే తీసి, తల్లివేరును విడిచిపెట్టవలెను.

2. ఎండబెట్టి దంచిన వేరు ఒక భాగానికి ఆరు భాగాల చన్నీరు చేర్చి, రాత్రంతా నానబెట్టి, ఉదయం వడకట్టి, కొద్దిగా పటికబెల్లంతో త్రాగవచ్చును. ఇది హిమకషాయం. తక్కువ వేరుతోనే గుణం లభిస్తుంది. గర్భిణులు, నిత్యం మందులు వాడేవారు వైద్యుని సలహా పొందవలెను.

3. తిప్పతీగ, అడ్డసరం, తులసి పెరటిలో ఉంటే చిన్న అవసరాలకు అడవి మీద ఆధారపడనక్కరలేదు.

4. మూలికలు కొనేటపుడు ఎక్కడివి, ఎవరు సేకరించినవి అని అడగండి. సేకరించినవారి వద్దనే కొనే వీలుంటే బేరమాడకండి.

విశ్వవిద్యాలయాలకు కూడ ఒక విన్నపం. ఆగస్టులో శాలువా కప్పిన వనవాసి వైద్యుని, తక్కిన పదకొండు నెలలలో ఒక్కమారైనా తరగతికి ఆహ్వానించండి. ఆయన చూపిన మొక్కను ఆవరణలోనే పెంచండి. ఆ మొక్క బ్రతికి ఉన్నంతవరకే ఆయన విద్య మన పిల్లలకు అందుతుంది.