గ్రామీణ గృహాల పైకప్పు: పెంకు, లోహపు రేకుల దీర్ఘకాలిక వ్యయ విశ్లేషణ

గ్రామాలలో ఇల్లు కట్టుకొనే కుటుంబం, పాత ఇంటిని బాగుచేయించుకొనే కుటుంబం విస్తరణ కార్యకర్తను తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది: పెంకు మంచిదా, రేకు మంచిదా? ఈ ప్రశ్నకు సాధారణంగా కొనుగోలు ధరను బట్టి సమాధానం చెప్పడం జరుగుతున్నది. కాని పైకప్పు ఒకసారి కొని మరచిపోయే వస్తువు కాదు. దాని భారాన్ని మోసే చట్రం, ఏటేటా చేయించే మరమ్మతు, గాలివానకు కలిగే నష్టం, అప్పుపై చెల్లించే వడ్డీ, చివరకు పాత సామగ్రికి వచ్చే ధర అన్నీ కలిస్తేనే దాని అసలు వ్యయం తేలుతుంది. ఈ అంశాలను ఒకే లెక్కలోకి తెచ్చే పద్ధతిని, ఆ లెక్కలో తరచుగా జరిగే పొరపాట్లను వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

పోలికకు తీసుకొన్న కప్పులు

తెలుగు ప్రాంతాలలో వాడుకలో ఉన్న పెంకులు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది కుమ్మరులు చేసే గూనపెంకు. రెండవది యంత్రంపై అచ్చుపోసి కాల్చే మంగుళూరు పెంకు. దీనినే పలుచోట్ల బెంగుళూరు పెంకు అని వ్యవహరిస్తారు. 1865లో బాసెల్ మిషన్ మంగుళూరులో నెలకొల్పిన కర్మాగారం ద్వారా ఈ పెంకు దక్షిణ భారతమంతటా వ్యాపించింది. దీనికి భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 654.

లోహపు రేకులలో ప్రధానమైనది జింకు పూత గల ఉక్కు రేకు. దీని ప్రమాణం ఐ.ఎస్. 277. దీనితోపాటు 55 శాతం అల్యూమినియం, మిగిలిన భాగంలో అధికంగా జింకు, కొద్దిగా సిలికాన్ గల మిశ్రమ పూత రేకులు, వాటిపై రంగు వేసిన రేకులు కూడా లభిస్తున్నాయి. ఆస్‌బెస్టాస్ కలిసిన సిమెంటు రేకులను ఈ పోలికలో చేర్చలేదు. ఆస్‌బెస్టాస్ పోగు కేన్సరుకు కారకమని నిర్ధారణ అయినందున వాటిని ధర ప్రాతిపదికన సిఫారసు చేయడం ఉచితం కాదు.

రేకు మన్నిక జింకు బరువులో ఉన్నది

రైతు దుకాణంలో రేకు మందాన్ని చూస్తాడు, మెరుపును చూస్తాడు. రేకు ఆయుష్షును ప్రధానంగా నిర్ణయించేది ఈ రెండూ కావు, ఉక్కుపై ఉన్న జింకు పూత. పూతను చదరపు మీటరుకు గ్రాములలో కొలుస్తారు. 120, 180, 220, 275 అనే తరగతులు రేకు రెండు వైపులా కలిపి ఉన్న జింకు బరువును సూచిస్తాయి. జింకు సాంద్రతను బట్టి లెక్కిస్తే 275 తరగతి రేకుకు ఒక్కొక్క వైపు సుమారు 19 మైక్రాన్లు, 120 తరగతి రేకుకు సుమారు 8 మైక్రాన్లు పూత ఉంటుంది.

ఈ పూత ఏటా కొంత తరుగుతుంది. అంతర్జాతీయ ప్రమాణమైన ఐ.ఎస్.ఓ. 9223 ప్రకారం మధ్యస్థ వాతావరణంలో జింకు ఏడాదికి 0.7 నుంచి 2.1 మైక్రాన్ల వరకు, ఉప్పుగాలి సోకే అధిక తుప్పు వాతావరణంలో 2.1 నుంచి 4.2 మైక్రాన్ల వరకు తరుగుతుంది. కావున లోతట్టు ప్రాంతంలో ఏడాదికి 0.7 మైక్రాన్ల చొప్పున తరిగితే 275 తరగతి పూత సుమారు 27 ఏళ్ళు, 120 తరగతి పూత సుమారు 12 ఏళ్ళు నిలుస్తుంది. అదే రేకులు ఏడాదికి 2.1 మైక్రాన్లు తరిగే సముద్రతీరంలో సుమారు 9 ఏళ్ళు, 4 ఏళ్ళు మాత్రమే నిలుస్తాయి. పూత పోయిన వెంటనే రేకుకు చిల్లు పడదు గాని, అప్పటి నుంచి ఉక్కు తుప్పు పట్టడం మొదలవుతుంది. ముందుగా దెబ్బతినేవి రేకుల అతుకులు, బోల్టు రంధ్రాలు, చూరు అంచులు.

ఇంటి అలవాట్లు కూడా ఈ ఆయుష్షును తగ్గిస్తాయి. కప్పు పైకి సొరపాదు, గుమ్మడిపాదు పాకించితే ఆకుల కింద తేమ ఆరక పూత త్వరగా తరుగుతుంది. వర్షంలో తడిసిన రేకులను ఒకదానిపై ఒకటి పేర్చి ఉంచితే బిగించకముందే తెల్లని తుప్పు పడుతుంది. ఇంటిని ఆనుకొని పశువుల కొట్టం ఉంటే పేడ, మూత్రాల నుంచి వెలువడే అమ్మోనియా రేకు అడుగు భాగాన్ని తింటుంది. అల్యూమినియం కలిసిన పూతలు క్షార పదార్థాలకు తాళలేవు. కావున బయటి వాతావరణంలో ఎక్కువ కాలం మన్నే ఆ రేకులను గాలి ఆడని పశుశాలలకు వాడడం తగదు.

పెంకు మన్నిక చట్రంలో, చేతిపనిలో ఉన్నది

బాగా కాలిన పెంకు తుప్పు పట్టదు. దాని కష్టమంతా దాని కింద ఉన్నది. చదరపు మీటరుకు 13 నుంచి 15 మంగుళూరు పెంకులు పడతాయి. పెంకు ఒక్కొక్కటి రెండున్నర కిలోలనుకొంటే బరువు 32 నుంచి 38 కిలోలవుతుంది. వానలో తడిస్తే ఇంకా పెరుగుతుంది. అర మిల్లీమీటరు మందం గల ఉక్కు రేకు అదే వైశాల్యానికి 4 నుంచి 5 కిలోలకు మించదు. ఇంత భారాన్ని మోయడానికి పెంకు కప్పుకు దూలాలు, వాసాలు, రీపర్లు దగ్గర దగ్గరగా కావాలి. నీరు వెనుకకు ఎక్కకుండా వాలు కూడా ఎక్కువ ఉండాలి. అంటే అదే గదికి కప్పు వైశాల్యం పెరుగుతుంది. ఈ కలపకు చెదలు పట్టడం పెంకు ఇంటికి మొదటి శత్రువు.

రెండవది కోతుల బెడద. కోతుల గుంపు ఒకసారి కప్పుపై తిరిగితే పెంకులు పగులుతాయి, జరుగుతాయి. తొలకరికి ముందు పెంకు సర్దించడం ఒకప్పుడు గ్రామంలో అందరికీ అందుబాటులో ఉన్న పని. నేడు ఆ పని తెలిసిన కూలీలు తగ్గి, దొరికిన వారి కూలి పెరిగినది. పలు కుటుంబాలు పెంకు వదలి రేకు వైపు మొగ్గడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

వార్షిక సమాన వ్యయం

ఆయుష్షు వేరువేరుగా ఉన్న వస్తువులను పోల్చడానికి తొలి వ్యయాన్ని సమాన వార్షిక వ్యయంగా మార్చుకోవాలి. ఇందుకు వాడే గుణకాన్ని ఇలా లెక్కించవచ్చు. వడ్డీ 8 శాతం, మన్నిక 10 ఏళ్ళు అనుకొందాం. 1.08ని పది సార్లు హెచ్చిస్తే 2.159 వస్తుంది. దాని విలోమం 0.463. దానిని 1 నుంచి తీసివేస్తే 0.537. వడ్డీ రేటు 0.08ని దీనితో భాగిస్తే 0.149 వస్తుంది. అంటే నేడు పెట్టిన ప్రతి 100 రూపాయలు, పదేళ్ళపాటు ఏటా 14.90 రూపాయల ఖర్చుతో సమానం. దీనికి ఏటా చేసే మరమ్మతు ఖర్చు కలపాలి. పాత సామగ్రి విలువను తీసివేయాలి.

ఈ పద్ధతిని రెండు తరగతుల రేకులకు అన్వయించి చూద్దాం. ఈ క్రింది ధరలు మార్కెట్ ధరలు కావు, పద్ధతిని చూపడానికి అనుకొన్న అంకెలు. 275 తరగతి రేకు, బిగింపు కలిపి 100 రూపాయలు, 120 తరగతి 80 రూపాయలు అనుకొందాం. మన్నిక లోతట్టులో వరుసగా 25, 12 ఏళ్ళు, తీరంలో 10, 5 ఏళ్ళు.

పట్టిక: రేకు వార్షిక సమాన వ్యయం (రూపాయలలో)

| ప్రాంతం | వడ్డీ | 275 తరగతి | 120 తరగతి |
|---|---|---|---|
| లోతట్టు | 8 శాతం | 9.4 | 10.6 |
| తీరం | 8 శాతం | 14.9 | 20.0 |
| లోతట్టు | 24 శాతం | 24.1 | 20.8 |
| తీరం | 24 శాతం | 27.2 | 29.1 |

ఈ పట్టికలో గమనించదగిన విషయం మూడవ వరుస. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చే రైతుకు ఏడాది వడ్డీ 24 శాతం. అతనికి లోతట్టు ప్రాంతంలో పలుచని పూత గల రేకే చౌక. కావున పేద రైతు తక్కువ రకం రేకు కొనడాన్ని అవగాహనా లోపంగా భావించరాదు. అతని వడ్డీ రేటు అతని చేత ఆ నిర్ణయం చేయిస్తున్నది. అతనికి కావలసినది పూత గురించిన ఉపన్యాసం కన్నా ముందు తక్కువ వడ్డీకి రుణం. తీరప్రాంతంలో మాత్రం 24 శాతం వడ్డీకి కూడా, ఈ అంకెల ప్రకారం దళసరి పూతదే పైచేయి. ధరల పెరుగుదలను ఇక్కడ లెక్కలోకి తీసుకోలేదు. తీసుకొంటే వడ్డీ రేటును ఆ మేరకు తగ్గించి ఇదే విధంగా లెక్కించాలి. అప్పుడు ఎక్కువ మన్నిక గల వస్తువు వైపు తూకం మరికొంత మొగ్గుతుంది.

పాత పెంకు ఇల్లు: వేరే ప్రశ్న, వేరే సమాధానం

కొత్త ఇంటికి ఏది వేయాలన్నది ఒక ప్రశ్న. ఉన్న పెంకు తీసి రేకు వేయాలా అన్నది మరొక ప్రశ్న. ఈ రెండింటినీ ఒకటిగా చూడడం క్షేత్రస్థాయిలో తరచుగా జరిగే పొరపాటు. కొత్త ఇంటికి పెంకు చట్రపు ఖర్చు పూర్తిగా లెక్కలోకి వస్తుంది. అందువల్ల లోతట్టు ప్రాంతాలలో రేకే చౌక కావచ్చు. పాత ఇంటిలో చట్రంపై పెట్టిన డబ్బు ఎన్నడో ఖర్చయినది. అది ఇప్పటి నిర్ణయంలోకి రాదు. కలప గట్టిగా ఉన్నంత వరకు పెంకు కప్పుకు అయ్యే వ్యయం ఏటా సర్దించే ఖర్చు మాత్రమే.

పై అంకెలతోనే చూద్దాం. 100 రూపాయల రేకుకు 150 రూపాయల ఉక్కు చట్రం కావాలని, అది 30 ఏళ్ళు మన్నుతుందని అనుకొంటే, 8 శాతం వడ్డీకి చట్రం వార్షిక వ్యయం 13.3 రూపాయలు. లోతట్టులో రేకుకు 9.4, సంరక్షణకు 2 రూపాయలు కలిపితే 24.7. పాత పెంకు, కలప అమ్మితే 60 రూపాయలు వస్తాయనుకొంటే, 30 ఏళ్ళకు దాని వార్షిక విలువ 5.3. దానిని తీసివేయగా మిగిలేది సుమారు 19 రూపాయలు. అంటే ఈ ఇంటి పెంకు మరమ్మతు ఏటా 19 రూపాయలు దాటినప్పుడే రేకుకు మారడం లాభం. అంతకు లోపు అయితే పెంకు ఉంచుకోవడమే మేలు. చెదలు పట్టి దూలాలు మార్చవలసి వస్తే లెక్క తిరగబడుతుంది. కావున పైకి ఎక్కి పెంకును చూడడం కన్నా ముందు లోపల నిలబడి దూలం చివరలను, గోడలో దిగిన భాగాలను పరీక్షించాలి.

గాలి, ఎండ: లెక్కకు రాని ఖర్చులు

గాలి వేగాల జాతీయ ప్రమాణమైన ఐ.ఎస్. 875 మూడవ భాగం ప్రకారం మూల గాలి వేగం విశాఖపట్నానికి సెకనుకు 50 మీటర్లు, హైదరాబాదుకు 44 మీటర్లు. సెకనుకు 50 మీటర్ల గాలి చదరపు మీటరుపై కలిగించే ఒత్తిడి సుమారు 1500 న్యూటన్లు, అంటే 150 కిలోల బరువుతో సమానం. 35 కిలోల పెంకు గాని, 5 కిలోల రేకు గాని ఇంత గాలికి తమ బరువుతో నిలవలేవు. నిలబెట్టేది బిగింపు. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ వంటి తుపానులలో బిగింపు లేని కప్పు ఏదైనా ఎగిరిపోతుంది. నష్టం జరిగే తీరులో మాత్రం తేడా ఉన్నది. పెంకు ఒక్కొక్కటిగా లేస్తుంది, పోయినంత మేరకే తిరిగి వేయించుకోవచ్చు. రేకు అంచు ఒకసారి లేచిందంటే పక్క రేకులను కూడా పెకలిస్తుంది. ఎగిరిన రేకు మనుషులకు, పశువులకు ప్రాణాపాయం. అంచుల వద్ద, నడికొప్పు వద్ద బోల్టులు దగ్గరగా వేయించడం, చట్రాన్ని గోడతో కట్టివేయించడం కోసం చేసే అదనపు ఖర్చును తీరప్రాంతపు లెక్కలో తప్పక చేర్చాలి.

ఎండ విషయంలో పెంకుల సందులలో గాలి ఆడడం వల్ల కొంత ఉపశమనం ఉంటుంది. రేకు త్వరగా వేడెక్కి ఆ వేడిని లోపలికి వదులుతుంది. మెరిసే జింకు ఎండను కొంత తిప్పికొట్టినా, గ్రహించిన వేడిని బయటకు వదలడంలో బలహీనం. పైన తెల్లరంగు వేస్తే ఈ లోపం చాలావరకు తీరుతుంది. ఈ రంగును కొన్నేళ్ళకొకసారి తిరిగి వేయించే ఖర్చు రేకు సంరక్షణలో భాగంగా లెక్కించాలి. అడుగున పైకప్పు పలక వేయించే ఇంటికి ఆ పలక ఖర్చు కూడా రేకు ఖాతాలోకే చేరుతుంది.

విస్తరణ కార్యకర్తలకు సూచనలు

సలహా ఇచ్చే ముందు నాలుగు విషయాలు తెలుసుకోవాలి. ఇల్లు కొత్తదా, పాతదా? పాతదైతే దూలాలు గట్టిగా ఉన్నాయా? ఇంటికి ఉప్పుగాలి గాని, పశువుల కొట్టపు గాలి గాని సోకుతుందా? డబ్బు చేతిలో ఉన్నదా, అప్పు తేవాలా, తెస్తే ఏ వడ్డీకి? ఈ నాలుగింటికి సమాధానం తెలిస్తే పై పద్ధతిలో స్థానిక ధరలు వేసి ఒక కాగితంపై లెక్క తేల్చవచ్చు. రేకు కొనేవారు బిల్లుపై మందంతోపాటు పూత తరగతిని కూడా తప్పనిసరిగా వ్రాయించుకోవాలి. దుకాణదారు పూత తరగతిని వ్రాసి ఇవ్వడానికి సిద్ధపడకపోతే, ఆ రేకును 120 తరగతిగానే భావించి ధర మాట్లాడడం వివేకం.

పెంకు మంచిదా, రేకు మంచిదా అన్న ప్రశ్నకు అన్ని ఇళ్ళకు వర్తించే సమాధానం లేదు. సముద్రానికి దూరంగా కొత్తగా కట్టే ఇంటికి దళసరి పూత రేకు, కలప చెడని పాత ఇంటికి ఉన్న పెంకు తరచుగా చౌకగా తేలుతాయి. తీరప్రాంతంలో పలుచని పూత రేకు అందరికంటే పేదవానికే ఎక్కువ ఖరీదైనది. ఐదేళ్ళకొకసారి కప్పు మార్చుకొనే కుటుంబం ఒకే ఇంటికి పదే పదే అప్పు చేస్తున్నదన్న సంగతిని విస్తరణ సిబ్బంది గుర్తించి, కొనుగోలుకు ముందే లెక్క చూపగలిగితే ఆ అప్పులలో కొన్నిటినైనా ఆపవచ్చు.