చింత మొద్దు చెప్పే ముచ్చట: ఇంట్ల కట్టె బిళ్లల ఫ్లోరింగు

మటన్ షాపు కాడ లైన్ల నిలబడ్డప్పుడు ఆ మొద్దు దిక్కు ఎప్పుడన్న సూసిండ్రా? చింత మొద్దు. పొద్దుగాల నుంచి కత్తి దెబ్బలు తింటనే ఉంటది, అయినా అంత జల్ది పగలదు. బక్రీద్ ముంగట హైదరాబాద్ రోడ్ల పొంటి గసొంటి మొద్దులే కుప్పలు పోసి అమ్ముతరు. అదే చింత చెట్టును పొడుగ్గ పలక కోసి దాని మీద గదే కత్తితోని కొట్టున్రి, కొన్నాల్లకే చీలికలు లేస్తది. చెట్టు ఒక్కటే, కత్తి ఒక్కటే. తేడా కోతల ఉన్నది.

జొన్న చొప్ప కట్టను యాది చేస్కోండ్రి. పండవెట్టి తొక్కితే ఒక్కో కంకె నలిగిపోతది. అదే కట్టను గట్టిగ కట్టి నిలవెడితే దాని మీద కూసోవచ్చు. కట్టె లోపల పోగులు గూడ గట్లనే చెట్టు పొడుగున నిలవడి ఉంటయి. చెట్టును అడ్డంగ కోస్తే పోగుల మూతులు పైకి సూస్తయి. కత్తి పడితే అవి పక్కకు జరిగి మల్ల దగ్గరికొస్తయి. బరువు వడితే నిలువుగ మోస్తయి. మన నానమ్మల రోకలి గూడ గీ లెక్కనే పనిచేసింది. దంచేది రోకలి మూతితోనే, పక్కతోని కాదు. ఆ మూతి చీలిపోకుండనే ఇనుప పొన్ను తొడిగిన్రు.

గీ ముఖం పైకి పెట్టి చిన్న చిన్న బిళ్లలు పరిస్తే దాన్నే ఎండ్ గ్రెయిన్ ఫ్లోరింగు అంటరు. ఇది కొత్తది కాదు. గుర్రం బండ్ల కాలంల లండన్, మెల్‌బోర్న్, సిడ్నీ రోడ్లకే గిసొంటి దిమ్మెలు పరిచిన్రు. రాళ్ల మీద నాలల సప్పుడు భరించలేక. అమెరికాల చికాగోల గసొంటి గల్లీ ఒకటి ఇప్పటికీ కాపాడుకుంటున్రు. బరువు మిషన్లు ఉండే ఫ్యాక్టరీలల్ల గూడ వేసిన్రు, ఇనుప సామాను కింద పడ్డా ఇటు నేల పగలదు, అటు సామాను చెడదు. కానీ వరదొస్తే ఆ దిమ్మెలు ఉబ్బి, లేచి, నీళ్ల మీద తేలినయి. గీ మాట గుర్తు పెట్టుకోండ్రి, మల్ల పనికొస్తది.

ఇగ ఉప్పల్ ముచ్చట. వరంగల్, జనగామ, భువనగిరి దిక్కు నుంచి వచ్చేటోల్లకు ఉప్పల్ రింగు రోడ్డే పట్నం దర్వాజ. బస్సు దిగంగనే అందరి కండ్లు 2017ల షురూ అయిన మెట్రో మీద పడ్తయి. నా కండ్లు మాత్రం నాచారం దిక్కు తొవ్వల ఉన్న సామిల్లు మీద పడ్డయి. చౌకట్లు, దూలాలు కోసినంక మిగిలిన జానెడు, బెత్తెడు తుండ్లు మూలకు కుప్ప పోసి ఉన్నయి. పొయ్యిల కట్టెల ధరకు పోతున్నయి. పలకలు చేద్దామంటే పొడుగు లేదు, కానీ అంగుళం మందం బిళ్లలకు పొడుగుతోని పనేంది? అట్లనే నాచారం, మల్లాపూర్ కంపెనీలకు మిషన్లు వచ్చే చెక్క పెట్టెలున్నయి. అవి తీస్కునేటోల్లు వాటి మీది ముద్ర సూడాలె. హెచ్.టి. అని ఉంటే 56 డిగ్రీల వేడిల అరగంట పెట్టిన కట్టె, పర్వాలేదు. ఎం.బి. అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషపు గ్యాసు పట్టించిన కట్టె, ఇంట్లకు తేవద్దు. నూనె మరకలున్నది గూడ వద్దు.

లెక్క సూడున్రి. పది బై పది అర్రకు మూడంగుళాల బిళ్లలు 1600 కావాలె. అంగుళం మందమైతే ఎనిమిదిన్నర ఘనపుటడుగుల లోపే కట్టె, రంపం తినే పొట్టు అదనం. ఒక్క చెట్టు కొట్టే పని లేదు. అసలు ఊల్లె చెట్టు కొట్టాలన్నా 2002 వాల్టా చట్టం కింద పర్మిషన్ కావాలె.

గీ లెక్కలన్నీ చేసి నేనే ముందు బొక్కబోర్ల పడ్డ. మే నెలల మా ఊరి ఇంట్ల చిన్న అర్రకు బిళ్లలు పరిచిన. సందు లేకుండ, సుత్తెతోని కొట్టి బిగించిన. మా చిన్నాయన అచ్చి "అద్దం లెక్క ఉందిరా" అన్నడు. జూలైల వానలు పడ్డంక నడుమ పూరీ లెక్క పొంగింది, తలుపు తెరుసుకోలేదు. తప్పు కట్టెది కాదు, నాది.

కట్టె పొడుగుల దాదాపు పెరగదు, అడ్డంల పెరుగుతది. బిళ్లల అడ్డం కోతే పైకి ఉంటది కాబట్టి నేల నాలుగు దిక్కులకూ ఉబ్బుతది. టేకునే తీస్కుంటే, పచ్చి నుంచి పూర్తిగ ఎండేవరకు ఒక దిక్కు రెండున్నర శాతం, ఇంకో దిక్కు దాదాపు ఆరు శాతం కుంచించుకపోతది. ఎండకాలానికీ వానకాలానికీ కట్టెల తేమ నాలుగు శాతం మారిందనుకున్నా, పది అడుగుల అర్రల మొత్తం ముప్పావంగుళం తేడా వస్తది. అదే తేడాను నలభై బిళ్లలకు పంచితే ఒక్కోదానికి అర మిల్లీమీటరే. గందుకే బిళ్లకూ బిళ్లకూ నడుమ సన్న సందు ఉంచి, సాగే గుణమున్న పియు గమ్ముతోని అతికించాలె. గోడ పొంటి అర అంగుళం ఇడిసి స్కర్టింగు కింద దాయాలె.

గుండ్రటి బిళ్లలు ఫోటోలల్ల మస్తుగుంటయి గానీ మోసపోకుండ్రి. కొమ్మను అట్లనే అడ్డంగ కోస్తే ఎండేటప్పుడు నడుమ నుంచి అంచు దాక పగులుతది. నడిమి గుండె తీసేసి చౌకంగ కోసినవే నిలవడ్తయి. చౌకట్ల తుండ్లు అప్పటికే ఎండి ఉంటయి కాబట్టి పని సులువు. కింద సిమెంటు నేల పూర్తిగ ఎండాలె, నేల చెమ్మ పైకి రాకుండ ఏర్పాటుండాలె. అన్ని బిళ్లలు ఒక్క మందం ఉండాలె, లేకుంటే పాలిష్ మిషన్ వారమంతా తిరగాలె. పోగుల మూతులు నూనెను గొంతు ఎండినోని లెక్క తాగుతయి, గందుకే అవిసె నూనె ఒక్క పూత సరిపోదు, తాగుడు ఆపేదాక పుయ్యాలె. బాత్రూంల, వంటింట్ల ఎయ్యొద్దు. రోజూ నీళ్లు గుమ్మరించి కడిగే ఇండ్లు మనయి, లండన్‌ల దిమ్మెలు తేలిన కథ మన వంటింట్ల కాకూడదు.

చెదల మాట అందరు అడుగుతరు. టేకు నడిమి చేవకు చెద అంత తొందరగ పట్టదు. మామిడి, పైన్ అయితే బోరాక్స్ మందు పట్టించక తప్పదు, ముందుగాల నేలకు చెదల మందు కొట్టియ్యాలె. టేకుల గూడ తెల్లటి పై భాగం పనికిరాదు, ఏరి పక్కకు వెట్టాలె.

తాండూరు బండలు తీసేసి ఇల్లంత కట్టె ఎయ్యమని నేను చెప్పను. ఎండకాలం బండ మీద పండుకున్న సల్లదనం కట్టెకు రాదు. కానీ చలికాలం పొద్దుగాల మోకాళ్ల నొప్పులున్న ముసలోల్లు కాలు పెట్టే అర్ర ఒకటుంటది సూడున్రి, దానికి మాత్రం ఎయ్యొచ్చు. ఇంకో సంగతి. రెడిమేడ్ తలుపులొచ్చినంక ఊల్లె వడ్లోల్లకు పని తగ్గింది. మా ఊరి వడ్ల అన్న పొంగిన నా నేలను మొత్తం ఊడబీకి, సందులిడిసి మల్ల పరిచిండు. "బండి చక్రం చేసినోనికి గిదొక పనా" అన్నడు. రెండు వానకాలాలైంది, తలుపు మంచిగనే తెరుసుకుంటున్నది.