పేపర్ రాయకముందే రిజెక్ట్ అవుతుందా?

మెడికల్ పీజీ చేస్తున్న మన ఫ్రెండ్స్‌లో చాలామంది జర్నల్‌కి పేపర్ పంపడమంటే ఫార్మాటింగ్, కవర్ లెటర్ అనుకుంటారు. అవి ఒక సాయంత్రం పని. అసలు చిక్కు అంతకు చాలా ముందే ఉంది.

పేషెంట్లకు రెండు మందులిచ్చి ఏది మెరుగో చూస్తున్నారనుకోండి. అది క్లినికల్ ట్రయల్. మొదటి పేషెంట్‌ని చేర్చుకోకముందే దాన్ని రిజిస్టర్ చేయాలి. మెడికల్ జర్నల్ ఎడిటర్ల కమిటీ ఐసీఎంజేఈ 2005 నుంచే ఈ రూల్ అమలు చేస్తోంది. మన దేశంలో దీనికి ఐసీఎంఆర్ వాళ్ల సీటీఆర్ఐ ఉంది. 2007లో మొదలైంది, ఫీజు లేదు. ముందు ట్రయల్ మొదలెట్టేసి తర్వాత వస్తామంటే, 2018 ఏప్రిల్ 1 నుంచి అక్కడ కుదరదు.

ఎందుకింత పట్టు? నొప్పి తగ్గుతుందా అని మొదలుపెట్టారు, తగ్గలేదు. చివర్లో "మేం చూసింది నిద్ర గురించి" అని రాసేస్తే? అది నమ్మి ఇంకో డాక్టర్ మీ అమ్మకి ఆ మందు రాస్తారు. రిజిస్ట్రీలో అయితే ఏం కొలుస్తారో తేదీతో సహా ముందే ఉంటుంది. మా కోడింగ్ వాళ్ల గిట్ హిస్టరీ లాంటిదన్నమాట, తర్వాత మారిస్తే దొరికిపోతాం!

కాబట్టి ఎథిక్స్ కమిటీ ఓకే అనగానే అప్లై చేయండి. వాళ్లు ప్రశ్నలడుగుతారు, టైమ్ పడుతుంది. గైడ్ గారు తొందరపెట్టినా సరే, నంబర్ వచ్చేదాకా ఒక్క పేషెంట్‌నీ చేర్చొద్దు. ఆ నంబర్ అబ్‌స్ట్రాక్ట్ చివర వేయండి. పాత కేస్‌షీట్లు చూసి రాసే స్టడీకి మాత్రం ఐసీఎంజేఈ రూల్ వర్తించదు.