100 గంటల పోరు.. 31 ఏళ్ల బిల్లు: కువైట్ ఎడారి యుద్ధం కడప జిల్లా ఇళ్లను ఎలా తాకింది?

గల్ఫ్‌లో ఎక్కడ క్షిపణి పడినా కడప జిల్లాలో ఫోన్లు మోగడం మొదలవుతుంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల నుంచి కువైట్ వెళ్లినవాళ్ల ఇళ్లలో అందరిదీ ఒకటే ప్రశ్న.. "మనోళ్లు బాగున్నారా?" ఈ భయం ఊరికే రాలేదు. దీని వెనక 1990-91 నాటి యుద్ధం ఉంది.

అసలేం జరిగింది?

ఇరాన్‌తో ఎనిమిదేళ్లు పోరాడిన ఇరాక్ 1988 నాటికి అప్పుల్లో కూరుకుపోయింది. అప్పు ఇచ్చిన దేశాల్లో కువైట్ ఒకటి. కోటాకు మించి చమురు తోడి ధర పడగొడుతోందంటూ కువైట్‌పై సద్దాం హుస్సేన్ మండిపడ్డారు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం సరిహద్దు దాటింది. రెండు రోజుల్లోనే కువైట్ మొత్తం దాని చేతిలోకి వెళ్లిపోయింది.

1991 జనవరి 15లోగా ఖాళీ చేయాలని ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి గడువు పెట్టింది. సద్దాం వినలేదు. జనవరి 17న అమెరికా నేతృత్వంలోని సేనలు 'ఆపరేషన్ డెజర్ట్ స్టార్మ్' పేరుతో వైమానిక దాడులు మొదలుపెట్టాయి. ఐదు వారాలకు పైగా బాంబులు కురిశాయి. ఫిబ్రవరి 24న ట్యాంకులు కదిలాయి.

ఇక్కడే అసలు ఎత్తు. దాడి సముద్రం వైపు నుంచి కూడా వస్తుందని ఇరాక్ సైన్యం కాపు కాసింది. ప్రధాన దళాలు మాత్రం పడమటి ఎడారిలోంచి చుట్టు తిరిగి వచ్చి పక్క నుంచి కొట్టాయి. 100 గంటల్లో నేల మీది పోరు ముగిసింది. వెళ్తూ వెళ్తూ ఇరాక్ సైన్యం 600కు పైగా చమురు బావులకు నిప్పు పెట్టింది. చివరి మంట ఆర్పేసరికి నవంబరు వచ్చింది.

మనవాళ్లు ఎలా బయటపడ్డారు?

అప్పటికి కువైట్‌లో సుమారు 1 లక్షా 70 వేల మంది భారతీయులున్నారు. కువైట్ దినార్‌ను ఇరాక్ రద్దు చేసింది. బ్యాంకులో దాచుకున్న డబ్బు చేతికందలేదు. అప్పటి విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ బాగ్దాద్ వెళ్లి సద్దాంతో మాట్లాడారు. మనవాళ్లలో ఎక్కువమంది బస్రా, బాగ్దాద్ మీదుగా ఎడారి దాటి జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరుకున్నారు. అక్కడి నుంచి 59 రోజుల్లో 488 విమానాలు 1 లక్షా 11 వేల మందికి పైగా జనాన్ని బొంబాయికి చేర్చాయి.

బొంబాయి నుంచి మద్రాసు వెళ్లే రైలు దారిలోనే ఎర్రగుంట్ల, కడప స్టేషన్లున్నాయి. అప్పటికి ప్రొద్దుటూరుకు రైలు లేదు. ఎర్రగుంట్లలో దిగి బస్సు పట్టుకోవాల్సిందే.

ఇంటి బంగారం.. దేశం బంగారం

యుద్ధం దెబ్బ అక్కడితో ఆగలేదు. 1990 జూలై మొదట్లో 20 డాలర్ల లోపున్న బ్యారెల్ చమురు అక్టోబరుకల్లా 40 డాలర్లకు చేరింది. గల్ఫ్ నుంచి వచ్చే డబ్బుకూ గండి పడింది. అప్పటికే కష్టంలో ఉన్న మన ఖజానాలో కొన్ని వారాల దిగుమతులకు సరిపడా విదేశీ మారకం మాత్రమే మిగిలింది.

వీసా ఖర్చుల కోసం మెడలో గొలుసు కుదువ పెట్టడం ఈ ఊళ్లకు కొత్త కాదు. బంగారం వ్యాపారానికి పేరున్న ప్రొద్దుటూరుకైతే అసలే కాదు. కానీ 1991 జూలైలో దేశమే సుమారు 47 టన్నుల బంగారాన్ని విదేశాలకు పంపి తాకట్టు పెట్టింది. అదే నెలలో రూపాయి విలువ తగ్గించింది. పి.వి. నరసింహారావు సర్కారు ఆర్థిక సంస్కరణలు మొదలైంది ఈ సంక్షోభంలోంచే.

బిల్లు ఎవరు కట్టారు?

ఇరాక్ కట్టింది. ఐక్యరాజ్యసమితి 1991లో పరిహార కమిషన్ పెట్టి, ఇరాక్ చమురు ఆదాయంలో కొంత వాటా పక్కన పెట్టించింది. ఇల్లూ వాకిలీ వదిలి పారిపోయిన ఒక్కొక్కరికి 4,000 డాలర్ల వరకు, కుటుంబానికి 8,000 డాలర్ల వరకు నిర్ణయించింది. దరఖాస్తు మాత్రం సొంత ప్రభుత్వం ద్వారానే వెళ్లాలి. ఆ దేశం విడిచి వచ్చినట్టు ఆధారం ఉండాలి. మొత్తం 5,240 కోట్ల డాలర్లు చెల్లించాక, 2022 జనవరిలో ఆఖరి వాయిదా తీరింది.

గల్ఫ్‌లో ఏం మారింది?

కువైట్‌లో సుమారు 4 లక్షల మంది పాలస్తీనీయులు ఉండేవాళ్లు. వాళ్ల నేత యాసర్ అరాఫత్ సద్దాం పక్షాన నిలిచారన్న కోపంతో, యుద్ధం తర్వాత వాళ్లలో అత్యధికులను కువైట్ రానివ్వలేదు, ఉండనివ్వలేదు. ఆ తర్వాత భారత్ సహా ఆసియా దేశాల కార్మికుల మీద ఆధారపడటం పెరిగింది. ఇప్పుడు కువైట్‌లోని విదేశీయుల్లో మనవాళ్లదే మొదటి స్థానం.

అమెరికా సైన్యం మాత్రం గల్ఫ్‌ను వదల్లేదు. 2003లో ఇరాక్‌పై రెండో యుద్ధానికి దాని ట్యాంకులు కదిలింది కువైట్ నుంచే. అందుకే ఆ ప్రాంతంలో ఎప్పుడు గొడవ రేగినా, సైనిక స్థావరాలున్న దేశాల్లోని మనవాళ్లకు గుబులే.

ఇళ్లలో గుర్తుంచుకోవాల్సింది

పరిహారం కథ చెప్పే పాఠం ఒకటే.. కష్టకాలంలో కాగితమే సాక్ష్యం. ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉన్న రిక్రూటింగ్ ఏజెంట్ ద్వారానే వెళ్లాలి. ఏజెంట్ పేరును ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందం నకళ్లు ఇంట్లో ఒక సెట్ ఉంచాలి. అక్కడికి చేరగానే భారత రాయబార కార్యాలయం ఫోన్ నంబర్ రాసి ఇంటికి పంపాలి. యజమాని పాస్‌పోర్టు తీసేసుకున్నా, ఇంట్లో ఉన్న నకలు అమ్మానాన్నల చేతిలోనే ఉంటుంది.