పన్ను కొత్తదే... ఒళ్లు పాతదే!

"షుగర్ ఉందా అండీ?" అని పంటి డాక్టరు అడుగుతారు. "ఆఁ... కొంచెం ఉందండీ" అంటాం. ఎంతో చెప్పం. చివరిసారి పరీక్ష ఎప్పుడు చేయించుకున్నామో మనకే గుర్తుండదు. 'పన్ను పెట్టించుకోవడానికి వస్తే ఈ ఆరాలన్నీ ఎందుకో!' అని లోలోపల విసుగు కూడా. కానీ ఊడిన పన్ను స్థానంలో ఇంప్లాంట్ పెట్టించుకునేవారికి ఆ 'కొంచెం' చాలా ఖరీదైనది కావచ్చు.

ఇంప్లాంట్ అంటే దవడ ఎముకలో బిగించే చిన్న టైటానియం స్క్రూ. దాని మీద పన్ను ఆకారంలో తొడుగు అమరుస్తారు. టైటానియం ఎముకతో గట్టిగా కలిసిపోతుందని స్వీడన్ పరిశోధకుడు పెర్ ఇంగ్వర్ బ్రనెమార్క్ 1950లలో కుందేళ్ల మీద ప్రయోగాలు చేస్తుండగా గమనించారు. 1965లో గోస్టా లార్సన్ అనే వ్యక్తికి తొలిసారి ఇలా పళ్లు అమర్చారు. అవి ఆయనకు దాదాపు నలభై ఏళ్లు పనిచేశాయి. మరి కొందరికి కొన్నేళ్లకే ఎందుకు కదిలిపోతున్నాయి?

పుచ్చదు... కానీ కదులుతుంది!

టైటానియం పుచ్చిపోదు. నిజమే. కానీ దాన్ని పట్టుకుని ఉన్న చిగురు, ఎముక మనవే కదా! సహజమైన పంటి వేరుకూ ఎముకకూ మధ్య సన్నని నారల పొర ఉంటుంది. చిగురు నారలూ పంటిలోకి నాటుకుని ఉంటాయి. ఇంప్లాంట్‌కు ఆ ఏర్పాటు లేదు. అందుకే చుట్టూ పాచి పేరుకుంటే ఇన్ఫెక్షన్ త్వరగా లోతుకు దిగుతుంది.

మొదట చిగురు వాస్తుంది, బ్రష్ చేస్తే రక్తం వస్తుంది. ఇది మ్యూకోసైటిస్. ఈ దశలో శుభ్రం చేయిస్తే మామూలైపోతుంది. అశ్రద్ధ చేస్తే లోపల ఎముక కరగడం మొదలవుతుంది. అదే పెరి ఇంప్లాంటైటిస్. పోయిన ఎముక దానంతటది తిరిగి రాదు. చిక్కేమిటంటే, చాలామందికి నొప్పే తెలియదు!

షుగర్ చేసే చేటు

పాచి అందరి నోట్లోనూ చేరుతుంది. దాన్ని ఒళ్లు ఎలా ఎదుర్కొంటుందన్నదే తేడా. రక్తంలో షుగర్ ఎక్కువగా ఉంటే తెల్లరక్తకణాల చురుకు తగ్గుతుంది. సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి. గాయం ఆలస్యంగా మానుతుంది. పైగా చిగుళ్ల జబ్బు ముదిరితే షుగర్‌ను అదుపు చేయడమూ కష్టమే. ఒకదానికొకటి ఆజ్యం పోసుకుంటాయన్నమాట.

అలాగని షుగర్ ఉన్నవారు ఇంప్లాంట్ మీద ఆశ వదులుకోనక్కర్లేదు. అదుపులో ఉంటే చాలామందికి చక్కగా నిలుస్తుంది. ఆ పూట చేయించిన పరీక్ష ఒక్కటే చాలదు. గత రెండు మూడు నెలల తీరు చెప్పే హెచ్‌బీఏ1సీ ఫలితం డాక్టరుకు చూపించాలి.

పొగ కప్పేస్తుంది

సిగరెట్, బీడీ, చుట్ట... ఏదైనా నికోటిన్ చిగుళ్లలోని రక్తనాళాలను కుదించేస్తుంది. దాంతో జబ్బు ఉన్నా రక్తం అంతగా కారదు. అంటే ప్రమాద సూచిక వెలగకుండానే ఎముక పోతుందన్నమాట! గతంలో చిగుళ్ల జబ్బుతో పళ్లు పోగొట్టుకున్నవారికి ఇంప్లాంట్ల చుట్టూ అదే కథ పునరావృతమయ్యే ముప్పు ఎక్కువ. వారు మరింత జాగ్రత్తగా ఉండాలి.

ఏడాదికోసారి ఇంజెక్షన్... అదీ మందే!

"రోజూ వాడే మందులున్నాయా?" అంటే "లేవు" అనేస్తారు కొందరు అమ్మమ్మలు. ఎముకల బలానికి వారానికోసారి వేసుకునే అలెండ్రోనేట్ మాత్ర, ఆర్నెల్లకోసారి తీసుకునే డెనోసుమాబ్, ఏడాదికోసారి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్లు గుర్తుకే రావు. వీటివల్ల అరుదుగా దవడ ఎముక మానకుండా బయటపడే ప్రమాదం ఉంది. 2003 నుంచి వైద్యులు దీన్ని గుర్తిస్తున్నారు. క్యాన్సర్ చికిత్సలో ఎక్కువ మోతాదులో వాడేవారికి ఈ ముప్పు బాగా ఎక్కువ. తల, మెడ భాగాలకు రేడియేషన్ తీసుకున్నవారూ తప్పక చెప్పాలి.

అయితే భయపడి ఏ మందూ సొంతంగా ఆపకండి. డెనోసుమాబ్ మధ్యలో మానేస్తే వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంది. రక్తం పలచబడే మాత్రలు ఆపినా ముప్పే. ఏం చేయాలో మీ డాక్టర్లిద్దరూ మాట్లాడుకుని తేల్చాలి.

ఇవి మరవకండి

* మందుల చీటీలన్నీ పంటి డాక్టరుకు చూపండి.
* రోజుకు రెండుసార్లు బ్రష్ చేయండి. ఇంప్లాంట్ సందుల్లో చిన్న బ్రష్‌తో శుభ్రం చేసుకోండి.
* డాక్టరు చెప్పిన గడువుకు నొప్పి లేకున్నా చూపించుకోండి.
* రక్తం, చీము, వాపు కనిపిస్తే ఆగకండి. ఇంప్లాంట్ కదిలేదాకా చూస్తే ఆలస్యమైనట్టే.

వేలకు వేలు పోసి పన్ను పెట్టించుకుంటాం. దాన్ని మోయాల్సింది మన ఒళ్లే. అందుకే ఈసారి డాక్టరు అడిగితే "కొంచెం" అనకండి. అంకె చెప్పండి!