మొలకలోని గడియారము

గోదావరి డెల్టాలో కడియము పేరు వినగానే పూలమొక్కలు కన్నులకు కట్టును. కడియపులంక, బుర్రిలంక, వేమగిరి గ్రామముల నర్సరీలకు దూరప్రాంతములనుండి జనులు మొక్కలకై వచ్చుచుందురు. అచ్చటి తోటమాలి నడిగినచో, ముదిరిన కొమ్మ తాళిన దెబ్బకు లేజివురు తాళజాలదని చెప్పును. ఈ అనుభవమునకు సన్నిహితమైన సత్యమొకటి జీవశాస్త్రమందును కలదు. వేగముగ విభజన చెందుచున్న కణములే ఎక్స్-కిరణములకు ఎక్కువగా లోబడునని 1906లో బెర్గోనియే, ట్రిబోండో అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

గింజ యనగా నిద్రించుచున్న పిండము. నీరు తగిలినంతనే అది మేల్కొని, కణములను విభజించుకొనుచు మొలకెత్తును. 1928లో అమెరికాలో స్టాడ్లర్ బార్లీ గింజలపై ఎక్స్-కిరణములు ప్రసరింపజేసెను. నిద్రాణమైన గింజలు ఓర్చుకొనిన మోతాదును మొలకెత్తుచున్న గింజలు ఓర్వలేకపోయెను.

దీనికి కారణమేమి? కణము విభజనకు ముందు కొంత పెరుగును. పిదప తన డి.ఎన్.ఏ.కు మారుప్రతి తయారుచేసికొనును. మరల కొంత సిద్ధపడి, తుదకు రెండుగ చీలును. ప్రతి దశకును ఒక కాలనియమము కలదు. కిరణములు తగిలినప్పుడు డి.ఎన్.ఏ. పోగులు తెగును. తెగిన పోగులతోనే కణము చీలినచో, పిల్లకణములకు వారసత్వము సక్రమముగ అందదు. కావున ఆరోగ్యవంతమైన కణము గడియారమును ఆపి, గాయమును బాగుచేసికొని, ఆపైననే ముందునకు సాగును. 1988లో వీనర్ట్, హార్ట్‌వెల్ అనువారు ఈస్టు కణములలో ఈ సంగతిని నిరూపించిరి. ఒక జన్యువు లోపించిన కణములు, గాయపడియు ఆగక చీలి, నశించెను. అనగా ఆలస్యము రోగలక్షణము కాదు, ఆత్మరక్షణము. జంతువులలో పి-53, మొక్కలలో సాగ్-1 అను ప్రోటీనులు ఈ కావలి పనిలో ముఖ్యమైనవి. హార్ట్‌వెల్ 2001లో నోబెల్ బహుమానమును మరి యిద్దరితో పంచుకొనెను.

అయితే పిండము తొలిదశయందు ఈ కావలి అంతటను మేల్కొని యుండదు. ఆఫ్రికా కప్ప గ్రుడ్డు మొదటిసారి చీలుటకు సుమారు గంటన్నర పట్టును. ఆ పిమ్మట రమారమి అరగంట కొకసారి చీలుచు, పండ్రెండు విభజనలతో నాలుగువేల పైచిలుకు కణములగును. ఈ తొందరలో కిరణములు గాయపరచినను గడియారము ఆగదు. పిండము పైకి చక్కగనే కనబడును. కాని విభజనల వేగము తగ్గి, పిండము తన జన్యువులను తానే ఉపయోగించుకొను దశ దాటిన పిదప, గాయపడిన కణములు గుంపుగ నశించును. అప్పు చేసినది ఒకనాడు, తీర్చవలసినది మరియొకనాడు.

మానవ శిశువు విషయమున ఈ కాలజ్ఞానము మరింత విలువైనది. 1945లో హిరోషిమా, నాగసాకి నగరములపై అణుబాంబులు పడినప్పుడు తల్లుల గర్భమందున్న శిశువులను వైద్యులు అనేక సంవత్సరములు పరిశీలించిరి. గర్భధారణ నుండి 8 మొదలు 15 వారముల మధ్య కిరణములు సోకిన వారిలో తీవ్రమైన బుద్ధిమాంద్యము మిక్కిలి హెచ్చుగ కనబడెను. మెదడు కణములు త్వరత్వరగ విభజన చెంది తమ తమ స్థానములకు చేరుకొను కాలమది. 8 వారములకు పూర్వము సోకిన వారిలో ఆ దోషము కానరాలేదు. మోతాదు ఎంత యనునదే గాక, ఏ వారమున అనునదియు ముఖ్యమని దీనివలన తేలినది.

దీనిని విని గృహిణులు భయపడ నక్కరలేదు. అవసరమై తీయించుకొనిన ఛాతీ ఎక్స్-రే వలన గర్భస్థ శిశువునకు చేరు మోతాదు మిక్కిలి స్వల్పము. పొట్ట, కటి ప్రదేశముల పరీక్షలు, ముఖ్యముగ సి.టి. స్కానులు, అంతకంటె ఎక్కువ మోతాదు నిచ్చును. గర్భిణులకు సాధారణముగ చేయు అల్ట్రాసౌండు పరీక్షలో ఉన్నది ధ్వనియే గాని ఎక్స్-కిరణము కాదు. చేయవలసినది ఒక్కటే: నెల తప్పినను, తప్పినదేమోయను అనుమానమున్నను, ఎక్స్-రే గదిలో అడుగిడకముందే ఆ మాట సిగ్గుపడక చెప్పవలెను. అత్యవసరమైన పరీక్షను భయముచేత మానుటయు తగదు. వాయిదా వేయదగినదానిని వైద్యుడే వాయిదా వేయును.

నారుమడిలో మొలక తలయెత్తు నాళ్లలో తోటమాలి నీడ పందిరి వేయును. చెట్టయిన పిదప ఆ పందిరితో పనిలేదు. గర్భస్థ శిశువునకును అట్టి నీడ కావలసిన నాళ్లు కొన్ని కలవు. ఆ నాళ్లను గుర్తించి మెలగుటయే మన కర్తవ్యము.