మాట తేటగా వినపడాలంటే: టీవీకి సౌండ్‌బార్ ఎంపిక

ఇవాళ టీవీకి సౌండ్‌బార్ ఎలా ఎంచుకోవాలో చెప్పుకుందాం. ఇదీ ఒక విషయమేనా అనుకోకండి. 2011 డిసెంబరులో సూపర్ వీసా మొదలయ్యాక, మన అమ్మానాన్నలు, అత్తమామలు కెనడాలో ఎక్కువకాలం ఉండే వీలు కలిగింది. చలికాలమంతా బయట మంచు, ఇంట్లో టీవీ. డైలాగు సరిగా వినపడకపోతే మనం ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చదువుకుని సరిపెట్టుకుంటాం. ఇంగ్లీషు రాని పెద్దావిడకి ఆ దారి లేదు. మా అమ్మ వచ్చిన కొత్తలో “ఏమన్నాడ్రా?” అని అడుగుతుండేది. కొన్నాళ్లకి అడగడం మానేసి, ఊరికే బొమ్మలు చూస్తూ కూర్చునేది. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

అసలు ఎందుకు వినపడదు? ఇప్పటి టీవీలు పలకలంత పలచన. వాటిలో స్పీకర్లు చిన్నవి, చాలావాటిలో కిందకో వెనక్కో తిరిగి ఉంటాయి. శబ్దం గోడకో బల్లకో తగిలి మనదాకా వచ్చేసరికి తేటదనం పోతుంది.

ఇంకో సంగతి ఉంది. మాటలో బలమంతా అచ్చులది. క, చ, త, ప, స లాంటి హల్లులు మెత్తగా పలుకుతాయి. వాటిని గుర్తుపట్టించే ధ్వని చాలావరకు 2000 హెర్ట్జ్‌కి పైన ఉంటుంది. వయసు మీదపడితే ముందు తగ్గేది కూడా ఆ పై శ్రుతుల వినికిడే. పాలు, కాలు, చాలు, తాలు: మొదటి హల్లు పోతే అన్నీ “ఆలు” గానే వినిపిస్తాయి. రిమోట్‌తో శబ్దం పెంచితే ఆ “ఆలు” ఇంకా గట్టిగా వినిపిస్తుంది. మాట మాత్రం తెలియదు.

ఇక సౌండ్‌బార్ సంగతి. పెట్టె మీద 2.0, 2.1, 3.1, 5.1 అని అంకెలుంటాయి. చుక్కకు ముందున్నది ధ్వని ఎన్ని పాయలుగా వస్తుందో చెబుతుంది. చుక్క తర్వాతి 1 అంటే బరువైన శబ్దాల కోసం సబ్‌వూఫర్ ఉందని అర్థం. సినిమాల్లో డైలాగులు ఎక్కువభాగం మధ్య పాయలో ఉంటాయి. రెండే స్పీకర్లుంటే ఆ మధ్య పాయని కూడా వాటిలోనే కలిపేయాలి. అప్పుడు డప్పులూ, వయొలిన్లూ, మాటా ఒకదాని మీదొకటి పడతాయి. 3.1లో మాట కోసం మధ్యలో విడిగా స్పీకరు ఉంటుంది. పెద్దవాళ్లున్న ఇంటికి నా సలహా అదే. వాట్ల లెక్క చూసి మురిసిపోవద్దు, ఒక్కో కంపెనీ ఒక్కో పద్ధతిలో లెక్కవేస్తుంది. డైలాగుని పైకి తెచ్చే మీట, రాత్రిపూట పెద్ద శబ్దాలని అణిచే మీట ఉన్నాయేమో చూడండి.

తర్వాత కలపడం. టీవీ వెనక హెచ్.డి.ఎం.ఐ. రంధ్రాల్లో ఒకదాని పక్కన ‘ఆర్క్’ లేదా ‘ఇ-ఆర్క్’ అని రాసి ఉంటుంది. మొదటిది 2009లో, రెండోది 2017లో ప్రమాణాల్లోకి వచ్చాయి. తీగ అక్కడ పెట్టి, టీవీ సెట్టింగుల్లో ‘సి.ఇ.సి.’ ఆన్ చేస్తే, మామూలుగా టీవీ రిమోటే బార్ శబ్దాన్ని కూడా పెంచుతుంది, తగ్గిస్తుంది. పెద్దవాళ్లకి ఒక్క రిమోట్ ఉండటం ఎంత సుఖమో మీకు తెలుసు. కొనేముందు టీవీ కాళ్ల మధ్య వెడల్పు, ఎత్తు కొలుచుకోండి. టీవీకి రిమోట్ అందే చోటుకి బార్ అడ్డం రాకూడదు. అల్మరా అరలోకి తోసి పెట్టకండి.

ఇక్కడి ఇళ్లు ఎక్కువగా చెక్క చట్రాలవి. సబ్‌వూఫర్ అదురు నేలలోంచి కింది బేస్‌మెంట్‌లో అద్దెకున్నవాళ్లదాకా పోతుంది. దాని జోరు తగ్గిస్తే వాళ్లకి నిద్ర, మనకి మాట దక్కుతాయి.

చివరగా, పరీక్ష. ఈ విషయంలో కెనడాకి పెద్ద పేరుంది. ఒట్టావాలోని నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లో ఫ్లాయిడ్ టూల్ గారు 1965 నుంచి 1991 దాకా పనిచేశారు. స్పీకర్లను తెర వెనక పెట్టి, ఏది ఏ కంపెనీదో తెలియకుండా జనానికి వినిపించారు. పేరూ ధరా కనపడకపోతే వినేవాళ్ల అభిప్రాయాలు చాలావరకు కలిశాయి. పి.ఎస్.బి., పారడైమ్ వంటి కెనడా స్పీకర్ల కంపెనీలకి ఆ ప్రయోగశాల పని ఎంతో ఉపయోగపడింది.

మీరూ అదే చేయండి. బాక్సింగ్ డే రద్దీలో కొట్లో విని తేల్చుకోవడం కష్టం. తిరిగి ఇచ్చే గడువెంతో అడిగి, ఇంటికి తెచ్చుకోండి. పెద్దవాళ్లు ఇంతకుముందు చూడని తెలుగు సినిమాలో మాటలెక్కువున్న సన్నివేశం పెట్టి, వాళ్లని కళ్లు మూసుకోమనండి. శబ్దం తక్కువలోనే ఉంచి, విన్న మాటలు తిరిగి చెప్పమనండి. డైలాగు మీట వేసి ఒకసారి, తీసేసి ఒకసారి. చెప్పగలిగితే ఆ బార్ ఉంచుకోండి, లేకపోతే తిరిగి ఇచ్చేయండి. మంచి బార్‌తో కూడా వినపడకపోతే వినికిడి పరీక్ష చేయించండి. ఆ పని బార్ చేయలేదు.

డైలాగు మీట బార్ రిమోట్ మీదే ఉంటే, దాని పక్కన చిన్న కాగితం ముక్క అంటించి తెలుగులో ‘మాట’ అని రాయండి. మీరు ఆఫీసులో ఉన్నప్పుడు వాళ్లకి అదే ఆసరా. ఇక సెలవు.